పూతలేని ఫలకము

అమెరికాలోని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికయందు అత్యున్నత శౌర్యపతకము బడసినవారి సమాధిఫలకములపై అక్షరములకు బంగారుపూత పూయుట ఆచారము. ఆడీ మర్ఫీ ఫలకమునకు మాత్రము ఆ పూత లేదు.

1945 జనవరి 26న ఫ్రాన్సులోని హోల్ట్స్‌విర్ గ్రామసమీపమున, మండుచున్న యుద్ధశకటముపై నిలిచి, మరతుపాకితో జర్మను సేనను సుమారొక గంటసేపు నిలువరించిన యువకుడాతడు. పిదప చలనచిత్రనటుడై, 1955లో తన యుద్ధగాథను చిత్రముగా తీయగా, అందు తన పాత్రను తానే ధరించెను. తెరపై యుద్ధము ముగిసినను ఆతని నిద్రలో ముగియలేదు, పీడకలలు వెన్నాడెను. తనవంటి సైనికుల మనోవ్యధకు చికిత్స కావలెనని ఆతడు దాపరికము లేక పలికెను. 1971 మే 28న విమానప్రమాదమున మరణించెను.

నేటికిని సందర్శకులు ఆ సాదా ఫలకమును వెదకికొని వచ్చుచున్నారు. ఆతని స్వరాష్ట్రమైన టెక్సాసులో, శాన్ ఆంటోనియో నగరమందలి మాజీ సైనికుల వైద్యశాలకు ఆతని పేరే యుంచిరి. వీరుని పేర యోధుల గాయములు మానుచుండుటకంటె మిన్నయగు స్మరణ వేరేమి కలదు?