కీళ్లవాతమా? ఊపిరి సంగతీ చూసుకోండి!

డాబా మీద బట్టలారేసి వచ్చేసరికి ఆయాసం వస్తోందా? "ఒళ్లొచ్చింది, అంతే" అని సరిపెట్టుకుంటున్నారా? మీకు కీళ్లవాతం, అంటే డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనేది గానీ, చర్మం బిగుసుకుపోయే స్క్లిరోడెర్మా గానీ ఉంటే అలా సరిపెట్టుకోకండి.

ఈ జబ్బులు మగవాళ్లలో కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఎదురు తిరిగి కీళ్లనూ, చర్మాన్నీ బాధిస్తుంది. కొందరిలో ఊపిరితిత్తులనూ వదలదు. స్పాంజిలా మెత్తగా ఉండాల్సినవి వాచి, మచ్చకట్టి గట్టిపడతాయి. పీల్చే గాలి తగ్గుతుంది. ప్రాణవాయువు రక్తంలోకి సరిగా చేరదు.

చిక్కేమిటంటే, నొప్పులతో నడక తగ్గించేసిన వాళ్లకి ఆయాసం త్వరగా బయటపడదు. మొదట్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండొచ్చు. అందుకే గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ చేస్తారు. వాయువు రక్తంలోకి ఎంత బాగా చేరుతోందో డి.ఎల్.సి.ఓ. పరీక్ష చెబుతుంది. తరచుగా ముందు తగ్గేది ఇదే. రెండింటిలోనూ సూది గుచ్చే పని లేదు. అనుమానముంటే సి.టి. స్కాన్ తీయిస్తారు.

ఇవి గుర్తుంచుకోండి:

* వారాల తరబడి పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉంటే వెంటనే చెప్పండి.
* దగ్గు వస్తోందని మందులు మీ అంతట మీరు మానేయకండి.
* పొగాకు పొగకీ, కట్టెల పొయ్యి పొగకీ దూరంగా ఉండండి.

మచ్చకట్టిన భాగం మళ్లీ మెత్తబడదు. ముందే కనిపెడితే మాత్రం ఆ మచ్చ పెరగడాన్ని మందులతో నెమ్మదింపజేయొచ్చు. స్క్లిరోడెర్మా రోగుల కోసం అలాంటి నింటెడానిబ్ మందుకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇంటిల్లిపాదికీ వేళకి మందులందించే మీరు, ఈసారి డాక్టరు దగ్గర కీళ్ల సంగతితో పాటు ఊపిరి సంగతీ చెప్పండి మరి!