ఒకే వరుస, రెండు పియానోలు: ఒక ఊళ్ళో ఈలలు, ఒక ఊళ్ళో చాపలు

కోహెడ (ఇబ్రహీంపట్నం): ఉన్నవి పన్నెండు స్వరాలు. వాయించేవారు ఇద్దరు. పాట లేదు, పల్లవి లేదు, మాట అసలే లేదు. ఆ పన్నెండు స్వరాలనే తిప్పి తిప్పి పావుగంటకు పైగా వాయిస్తారు. ఇది విని కొందరు కళ్ళు మూసుకుని మైమరచిపోతే, కొందరు ఈలలు వేసి కచేరీనే ఆపించారు. అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్ 1967లో రెండు పియానోల కోసం కూర్చిన ‘పియానో ఫేజ్’ అనే రచన కథ ఇది. ఎక్కడి న్యూయార్క్, ఎక్కడి కోహెడ అనిపించవచ్చు. కాని బతుకమ్మ చుట్టూ తిరిగిన వారికి, బోనాల ముందు డప్పుల వెంట నడిచిన వారికి ఈ సంగీతంలో కొత్తగా అర్థం కానిదేమీ లేదు. అర్థం కాలేదన్నవారు టికెట్లు కొని, మెత్తటి కుర్చీల్లో కూర్చున్న పట్నవాసులే కావడం విశేషం.

గుడి చుట్టూ ఇద్దరు

పియానో అంటే మన హార్మోనియంకు పెద్దన్న వంటిది. మెట్లు నొక్కితే లోపల చిన్న సుత్తులు తీగలను కొడతాయి. మామూలుగా దానికి 88 మెట్లుంటాయి. రైక్ తన రచన మొదటి భాగానికి వాటిలో ఐదింటినే తీసుకున్నాడు. ఆ ఐదు స్వరాలను అటూ ఇటూ మార్చి పన్నెండు దెబ్బల వరుస ఒకటి కట్టాడు. ఇలా కొద్ది సరుకుతో, ఒకే ముక్కను తిరగవేస్తూ సాగేదాన్ని మినిమలిస్టు సంగీతం అంటున్నారు.

ఇద్దరూ మొదట ఒకే వరుసను ఒక్కటిగా వాయిస్తారు. కాసేపటికి మొదటి వ్యక్తి అదే వేగంలో ఉండిపోతాడు. రెండో వ్యక్తి మాత్రం రవ్వంత వేగం పెంచుతాడు. రెండూ చెదిరిపోతాయి. శబ్దం గజిబిజి అవుతుంది. అంతలోనే రెండో వ్యక్తి సరిగ్గా ఒక స్వరం ముందుకు చేరుకుని మళ్ళీ మొదటివాని వేగంలోకి వస్తాడు. గజిబిజి తేటపడి కొత్త అల్లిక వినిపిస్తుంది. కొంతసేపు అలా సాగి, మళ్ళీ వేగం, మళ్ళీ మరో స్వరం ముందుకు. ఇలా పన్నెండుసార్లు జరిగేసరికి ఇద్దరూ మొదట కలిసిన చోటే మళ్ళీ కలుస్తారు. ఆ తర్వాత ఎనిమిది స్వరాల వరుసతో ఒక భాగం, నాలుగు స్వరాల వరుసతో మరో భాగం ఉంటాయి.

గుడి చుట్టూ పన్నెండు స్తంభాలున్నాయనుకుందాం. ఇద్దరు కలిసి ప్రదక్షిణ మొదలుపెట్టారు. ఒకరు ఒకే నడక నడుస్తుంటే, రెండోవారు అప్పుడప్పుడు అడుగు వేగం పెంచి ఒక్కో స్తంభం ముందుకు పోతున్నారు. పన్నెండు స్తంభాలు దాటేసరికి వెనుకనుంచి వచ్చి మళ్ళీ తోడువాని పక్కనే చేరతారు. రచన మొత్తం ఇంతే. చౌరస్తాలో ఆగిన రెండు ఆటోల లైట్లు కాసేపు కలిసి మిణుకుమని, కాసేపు విడివిడిగా మిణుకుమని, మళ్ళీ కలవడం అందరూ చూసేదే. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు రోకళ్ళు వేస్తే పుట్టే చప్పుడు పెద్దలకు ఇంకా చెవుల్లోనే ఉంటుంది.

రైక్‌కు ఈ సంగతి దొరికింది పియానో దగ్గర కాదు. టేపురికార్డరు దగ్గర! శాన్‌ఫ్రాన్సిస్కోలో జలప్రళయం గురించి బోధిస్తున్న ఒక వీధి ప్రచారకుని మాటలను రికార్డు చేసి, ఒకే ముక్కను రెండు యంత్రాలపై ఒకేసారి తిప్పాడు. ఆ రెండు యంత్రాల వేగం వెంట్రుకవాసి తేడాతో ఉండటంతో మాటలు మెల్లగా ఒకదాన్నొకటి దాటిపోయాయి. 1965లో దానితోనే ఒక రచన చేశాడు. యంత్రం చేసిన పని మనిషి చేతులు చేయగలవా అన్న పట్టుదలతో పుట్టిందే ‘పియానో ఫేజ్’. తోటివాడు వేగం పెంచుతుంటే వెంటపడకుండా నిలబడటం, నిలబడినవాని పక్కనుంచి అంగుళం అంగుళంగా జరగడం ఎంత కష్టమో జంటగా డప్పు కొట్టేవారిని అడిగితే చెబుతారు.

ఎవరూ వాయించని పాట

ఈ రచన విన్నవారు చెప్పే అనుభవాల్లో అన్నిటికన్నా వింతైనది ఒకటుంది. రెండు వరుసలు పక్కకు జరిగినప్పుడు, ఇద్దరిలో ఎవరూ వాయించని మూడో పాట ఒకటి మధ్యలో వినిపిస్తుంది. ఒకరికి పైస్వరాలు కలిసి ఒక రాగంగా తోస్తే, పక్కవారికి కింది స్వరాలు కలిసి మరొకటిగా తోస్తాయి. ఒకే కచేరీలో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు రెండు పాటలు విని ఇంటికి పోవచ్చన్నమాట. రైలులో పోతున్నప్పుడు చక్రాల చప్పుడు ఎవరి మనసులో ఏముంటే దాన్నే పలికినట్లు తోస్తుంది కదా, ఇదీ అటువంటిదే.

బెల్జియం నర్తకి అన్నె తెరెసా ద కేర్స్‌మేకర్ దీన్ని కంటికి కూడా చూపించారు. 1982లో ఆమె కూర్చిన ‘ఫాజ్’ నాట్యంలో ఇద్దరు స్త్రీలు ఈ సంగీతానికి ఒకే కదలికను తిప్పి తిప్పి చేస్తారు. వెనుక తెరపై వారి నీడలు పడతాయి. రెండు నీడలు ఒకచోట కలిసి మధ్యలో మూడో నీడగా నిలుస్తాయి. ఆడేవారు ఇద్దరే అయినా, నీడలు మాత్రం మూడు.

ఆపమని మొర

అందరూ ఇలా మురిసిపోలేదు. 1973 జనవరి 18న న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో రైక్‌దే మరో రచన ‘ఫోర్ ఆర్గాన్స్’ వాయించినప్పుడు సభ రెండుగా చీలిపోయింది. సగంమంది అరుపులు, సగంమంది చప్పట్లు. ఒక మహిళ వేదిక దగ్గరకు పోయి తల కొట్టుకుంటూ, ఆపండి, తప్పు ఒప్పుకుంటానని మొరపెట్టుకుందని ఆనాడు వాయించిన మైకేల్ టిల్సన్ థామస్ తర్వాత చెప్పేవారు. ఠాణాలో దెబ్బలు తాళలేని వారి మాటలా ఉందని విన్నవారు నవ్వుకున్నారు.

అది ఏనాటి మాటో అనుకుంటే పొరపాటు. 2016 ఫిబ్రవరి 28న జర్మనీలోని కొలోన్ నగరంలో అంతకన్నా పెద్ద గొడవే జరిగింది. ఇరాన్‌లో పుట్టిన మహాన్ ఇస్ఫహానీ అనే విద్వాంసుడు ‘పియానో ఫేజ్’ను హార్ప్‌సికార్డ్‌పై వాయించబోయారు. అది పియానోకు ముందుతరం వాద్యం. ముందుగా రచన గురించి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెబుతుండగానే, జర్మన్‌లో మాట్లాడమని జనంలోంచి కేక వచ్చింది. వాయించడం మొదలైన కొద్ది నిమిషాలకే ఈలలు, వెటకారపు చప్పట్లు మొదలయ్యాయి. కొందరు లేచి పోయారు. వినదలచినవారు గొడవచేసేవారిని కోప్పడ్డారు. చివరకు ఆయన మధ్యలోనే ఆపి, మీరు దేనికి భయపడుతున్నారని సభను అడిగారు. తర్వాత అలవాటైన పాత సంగీతం వాయించి కచేరీ ముగించారు. విదేశీయుడన్న చులకన ఇందులో ఎంత, సంగీతం నచ్చకపోవడం ఎంత అన్న వాదన జర్మన్ పత్రికల్లో చాలా రోజులు సాగింది.

ఆ రచనకు అప్పటికే దాదాపు 50 ఏళ్ళు. సగం శతాబ్దం గడిచినా అరిగిపోయిన గ్రామఫోను రికార్డులా ఉందని విసుక్కునేవారు ఉంటూనే ఉన్నారన్నమాట. విసుక్కోవడం తప్పు కాదు. పైకం పెట్టి టికెట్టు కొన్నవానికి నచ్చకపోతే లేచిపోయే హక్కుంది. పక్కవాని చెవులు మూసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. పంచాయతీలోనైనా ఒకరి మాట పూర్తయ్యాకే రెండోవారు లేస్తారు.

చాపలు పరుచుకుని..

ఇదే తరహా సంగీతానికి మరో దేశంలో వేరే స్వాగతం దొరికింది. నెదర్లాండ్స్ స్వరకర్త సిమియన్ టెన్ హోల్ట్ 1976 నుంచి 1979 వరకు శ్రమించి ‘కాంటో ఒస్టినాటో’ అనే రచన చేశారు. అందులో 106 చిన్న ముక్కలుంటాయి. ఏ ముక్కను ఎన్నిసార్లు వాయించాలన్నది వాయించేవారి ఇష్టం. రెండు పియానోలపై వాయించవచ్చు, నాలుగింటిపైనా వాయించవచ్చు. ఒకరోజు గంటకు పైగా సాగితే, మరోరోజు కొన్ని గంటలు సాగుతుంది. అక్కడి జనానికి ఇది ఎంత దగ్గరైందంటే, చాపలపై పడుకుని వినే కచేరీలు కూడా జరిగాయి. టెన్ హోల్ట్ 2012లో కన్నుమూసినా ఆ రచనకు ఆదరణ తగ్గలేదు.

చాప, దుప్పటి తెచ్చుకుని తెల్లవార్లూ వినడం మన పల్లెలకు కొత్త కాదు. ఒగ్గుకథ, చిందు యక్షగానం, భజన అలాగే సాగాయి. మధ్యలో కునుకు పట్టినా, పిల్లవాడు ఏడ్చినా, మెలకువ రాగానే కథ అందుతుంది. తిరిగి తిరిగి వచ్చే వరుసే అందుకు ఆసరా. కొలోన్‌లో జనం కుర్చీలో కూర్చుని తర్వాత ఏం జరుగుతుందా అని చూశారు. ఏమీ జరగలేదని కోపం తెచ్చుకున్నారు. చాపపై పడుకున్నవారు ఏదో జరగాలని ఎదురుచూడలేదు. జరుగుతున్నదాన్నే విన్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

ఉయ్యాల చెప్పిన పాఠం

1968లో రాసిన ఒక వ్యాసంలో రైక్ తన సంగీతాన్ని ఎలా వినాలో చెబుతూ ఉయ్యాలను పోలికగా తెచ్చాడు. ఉయ్యాలను వెనక్కి లాగి వదిలేసి, అది మెల్లమెల్లగా నిలిచేదాకా చూస్తూ ఉండటం వంటిదట ఈ వినికిడి. ఆయనకు బతుకమ్మ సంగతి తెలిసి ఉండదు. మన ఆడపడుచులు మాత్రం ప్రతి చరణం చివర ఉయ్యాలనే తలుచుకుంటూ, ఒకే వరుసలో, ఒకే చప్పట్లతో గంటలకొద్దీ తిరుగుతారు. వరుస మారదు, కథ నడుస్తుంది. కొత్తగా వచ్చినామె వలయంలో చేరుతుంది. అలసినామె పక్కకు జరుగుతుంది. ఒకే పాట అని విసిగి ఎవరూ ఈల వేయరు. వినేవారే పాడేవారు కావడం అందుకు కారణం.

ఈ సంగీతకారులు తూర్పు దేశాల నుంచి, ఆఫ్రికా నుంచి నేర్చుకున్నది తక్కువేమీ కాదు. రైక్ 1970లో డోలు నేర్చుకోవడానికి ఘానా దేశం పోయాడు. మలేరియా సోకి ఐదు వారాలకే తిరిగి రావాల్సి వచ్చినా, తన దారి సరైనదేనన్న ధైర్యం అక్కడి డోళ్ళే ఇచ్చాయన్నాడు. ఆ మరుసటి ఏడాది ‘డ్రమ్మింగ్’ అనే రచన పూర్తిచేశాడు. రెండు పియానోలకు 2008లో ఒక రచన చేసిన ఫిలిప్ గ్లాస్, 1960లలో పారిస్‌లో పండిట్ రవిశంకర్ దగ్గర పనిచేసి మన తాళం లెక్క తెలుసుకున్నాడు. గాంధీజీ దక్షిణాఫ్రికా పోరాటంపై ఆయన కూర్చిన ‘సత్యాగ్రహ’ సంగీత నాటకం 1980లో రోటర్‌డామ్‌లో మొదటిసారి ప్రదర్శించారు. అందులో పాడేదంతా సంస్కృతంలో, భగవద్గీత నుంచే!

ఇక్కడి పన్నెండు మెట్లు

పన్నెండు స్వరాల సంగీతం న్యూయార్క్‌లో ఉంటే, పన్నెండు మెట్ల కిన్నెర మన నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. దాన్ని వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే మొగిలయ్య నిర్మాణ పనుల దగ్గర కూలీగా కనిపించారని 2024 మే నెలలో పత్రికలు రాశాయి. ఆ పని జరిగింది మరెక్కడో కాదు, కోహెడకు పక్కనే ఉన్న తుర్కయంజాల్‌లో.

కొలోన్‌లో ఒక విద్వాంసుణ్ణి సభ మధ్యలో ఆపింది. అది రచ్చ అయింది, ప్రపంచానికి తెలిసింది. ఇక్కడ సభే లేదు కనుక రచ్చ కూడా లేదు. డప్పును సెగకు కాచి, సిర్ర ఒక చేత, సిటికెన పుల్ల ఒక చేత పట్టి, నిలకడగా ఒకరు, పైదెబ్బలు ఒకరు కొడుతుంటే, రెండు పియానోలు చేసే పనే రెండు డప్పులు చేస్తుంటాయి. పెళ్ళికొక దెబ్బ, చావుకొక దెబ్బ, బోనాలకొక దెబ్బ వారికి తెలుసు. కాని ఊరేగింపు ముందు నడిపించడమే తప్ప, కూర్చోబెట్టి విన్నవారు ఎందరు? కూలి ముట్టజెప్పి పంపడమే తప్ప, విద్వాంసులని పిలిచినవారు ఎందరు? ఆ సంగతి ఆలోచిస్తే, ఈలలు వేసినవారిని తప్పుపట్టే ముందు మనవైపు కూడా ఒకసారి చూసుకోవాల్సి వస్తుంది.

దీనికి పెద్ద హాలు, పెద్ద ఖర్చు అక్కర్లేదు. వచ్చే బోనాలకో, బతుకమ్మకో, ఊరేగింపు కదలకముందు ఒక అరగంట డప్పుల వారికి అరుగు ఇచ్చి, మైకు కట్టేసి, జనం చాపలపై కూర్చుని వింటే చాలు. రెండు డప్పుల మధ్య, ఎవరూ కొట్టని మూడో దెబ్బ ఎవరికి వినిపిస్తుందో చూడవచ్చు. ఊరి పెద్దలు, యువజన సంఘాలవారు ఈ దిశగా ఆలోచించాల్సిన అవసరం ఎంతైనా ఉంది.