మాటకింత అని కట్టే వ్రాతపని

ఇంటిపట్టున ఉండి వ్రాసి నాలుగు డబ్బులు సంపాదించుకునే పని యిప్పుడు మంసాపురం, రాజపాళయం పిల్లలకు కూడ అందుబాటులో ఉన్నది. కంపెనీలవారు తమ వెబ్‌సైటులకు కావలసిన వ్యాసాలు బయటివారిచేత వ్రాయించి, మాటకింత అని లెక్కగట్టి యిస్తారు. దీనినే ఫ్రీలాన్సు అంటున్నారు. జీతం లేదు, సెలవు లేదు. పని ఉన్ననాడు ఉంటుంది, లేనినాడు లేదు. తమిళం, తెలుగు, ఇంగ్లీషు మూడూ తెలిసిన ఆడపిల్లలు మన యిళ్ళలో ఉన్నారు గనుక యీ పనిని గూర్చి కాస్త చెప్పుకోవటం మంచిది.

మాటకింత అనేసరికి మాటలు పెంచటం మొదలవుతుంది. అక్కడే వ్రాత చెడుతుంది. మన ఊరి కుక్కనే తీసుకోండి. రాజపాళయం కుక్క విశ్వాసం గలది, ధైర్యం గలది, చూడముచ్చటైనది అని ఐదువందల మాటలు యెవరైనా వ్రాయవచ్చు. పేరు మార్చితే ఆ వ్యాసం యే కుక్కకైనా సరిపోతుంది! చదివేవాడు కూనను కొందామని చదువుతున్నాడు. అతనికి కావలసినది వేరు. ఒళ్ళంతా తెలుపు, ముక్కు గులాబిరంగు అని చెప్పాలి. ఆ తెలుపుతోపాటు కొన్ని కూనలకు పుట్టుచెవుడు వస్తుందని కూడ చెప్పాలి. కొనేముందు దాని వెనుక నిలబడి, దానికి కనబడకుండా చప్పట్లు కొట్టి చూడమనాలి. అదీ కూనను విడిగా ఉంచి సుమా. తోటికూనలు తిరిగితే చెవిటిది కూడ తిరుగుతుంది. 2005లో తపాలాశాఖవారు యీ కుక్క బొమ్మతో బిళ్ళ వేశారన్న ముచ్చట ఆ తరువాత చెప్పుకోవచ్చు.

గూగులువారు 2022 ఆగస్టులో తమ పద్ధతి మార్చి, చదువరికి పనికివచ్చే వ్రాతలను ముందుకు తెచ్చి, వెదుకులాటలో పైకి రావటానికే వ్రాసినవాటిని వెనక్కు నెట్టటం మొదలుపెట్టారు. 2024 మార్చిలో, మనిషి వ్రాసినా యంత్రం వ్రాసినా, గుట్టలుగా పోసే పనికిమాలిన వ్రాతలపై నిబంధన పెట్టారు. యంత్రం ఐదువందల మాటలు నిమిషంలో వ్రాస్తుంది. సత్రపట్టికి పోయి, ఆస్పత్రి కట్టుగుడ్డ నేసే మగ్గం దగ్గర నిలబడి, నేసేవారిని నాలుగు ప్రశ్నలు అడిగి రావటం దానివల్ల కాదు. మనకు అది బస్సు దూరం.

తెలుగులో వ్రాయాలంటే మనకొక చిక్కున్నది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పెక్కుమంది బడిలో చదివినది తమిళం. తమిళంలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరం. ఆ అలవాటున భోజనం ‘బోజనం’ అవుతుంది, ధర ‘దర’ అవుతుంది. మన చెవికి తేడా తెలియదు గాని హైదరాబాదులోని ఎడిటరు కంటికి వెంటనే తెలుస్తుంది, వ్యాసం తిరిగి వస్తుంది. రోజుకొక పుట మంచి తెలుగు పుస్తకం చూచి వ్రాస్తే కొన్నాళ్ళకు చేయి తిరుగుతుంది. నన్నడిగితే డబ్బుకంటె యిదే పెద్ద లాభం. ఆముక్తమాల్యద కథ జరిగిన శ్రీవిల్లిపుత్తూరు మన పక్కనే ఉన్నది, మన పిల్లలకేమో ఆ పుస్తకం పేరు కూడ కూడబలుక్కోవలసి వస్తున్నది.

ఇక డబ్బు సంగతి. నమూనాకని పూర్తి వ్యాసం వ్రాయించుకొని మాయమయ్యేవాళ్ళున్నారు. నమూనా రెండు పేరాలు చాలు. పని యివ్వటానికి రిజిస్ట్రేషను ఫీజు కట్టమంటే అది మోసమే. ఎన్ని మాటలు, యే తేదీకి, యెన్నిసార్లు దిద్దాలి, డబ్బు యెప్పుడు అన్నది ఈమెయిలులో వ్రాయించుకోండి. ఫైళ్ళ మధ్య బ్రతికేవాణ్ణి గనుక చెబుతున్నాను, ఫోనులో ఒప్పుకున్నదానికి తరువాత ఆధారం దొరకదు.

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా వ్రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. ఫ్రీలాన్సుగా వ్రాసినది సాధారణంగా వ్రాసినవారిదే. హక్కు యింకొకరికి పోవాలంటే కాగితం, సంతకం ఉండాలి. అందులో గడువు వ్రాయకపోతే ఐదేళ్ళనీ, యే దేశానికో వ్రాయకపోతే భారతదేశం మట్టుకేననీ చట్టం అర్థం చెబుతుంది. ఒకరికి యిచ్చిన వ్యాసాన్ని మరొకచోట వేయించాలనుకుంటే, ముందు ఆ కాగితం తీసి గడువు చూడండి.