కోటి రూపాయల కారు, రెండున్నర కోట్ల పన్ను

విదేశం నుంచి మన రేవులో దిగేనాటికి కోటి రూపాయలుండే స్పోర్ట్స్ కారు, హైదరాబాద్ రోడ్డెక్కేసరికి మూడున్నర కోట్లకు చేరుతుంది. లెక్క కష్టమేమీ కాదు. దిగుమతి సుంకం 110 శాతం, అంటే రూ.1.10 కోట్లు. రెండూ కలిపిన రూ.2.10 కోట్ల మీద జీఎస్టీ 40 శాతం, అంటే రూ.84 లక్షలు. అక్కడికి రూ.2.94 కోట్లయింది. దాని మీద తెలంగాణ లైఫ్ ట్యాక్స్. రూ.20 లక్షలు దాటిన కార్లకు 2022 మే నుంచి 18 శాతం వసూలు చేశారు. 2025 ఆగస్టులో ఖరీదైన బండ్లకు దాన్ని ఇంకా పెంచారు. పాత 18 శాతమే వేసుకున్నా మరో రూ.53 లక్షలు. మొత్తం రూ.3.47 కోట్లు. డీలరు లాభం, బీమా, ఫ్యాన్సీ నంబరు మోజు ఇందులో కలపలేదు.

కారు కోటి, పన్నులు రెండున్నర కోట్లు. పాత స్పోర్ట్స్ కారు కొని, నాలుగేళ్లు నడిపి, పెద్దగా నష్టపోకుండా అమ్ముకోవాలనుకునేవారు ఇంజిను చప్పుడు వినేముందు ఈ రెండున్నర కోట్ల సంగతి ఆలోచించాలి. పాత బండి ధర ఎప్పుడూ కొత్త బండి ధరను పట్టుకునే ఉంటుంది. కొత్తది మూడున్నర కోట్లు కాబట్టే నాలుగేళ్ల బండికి రెండు కోట్లు అడగగలుగుతున్నారు. రేపు కొత్తదాని మీద పన్ను తగ్గిందంటే, షెడ్డులో కదలకుండా నిలబడ్డ బండి విలువ కూడా తగ్గుతుంది. గీత పడలేదు, కిలోమీటరు తిరగలేదు, అయినా లక్షలు పోతాయి.

ఇది ఊహ కాదు. 2025 సెప్టెంబరు 22కు ముందు పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం దాకా ఉండేది. ఆ రోజు నుంచి 40 అయింది. పై లెక్కలో 40 బదులు 50 వేసి చూడండి, ఆన్‌రోడ్ ధర రూ.3.72 కోట్లు వస్తుంది. అంటే ఆ ఒక్క మార్పుతోనే కొత్త కారు దాదాపు రూ.25 లక్షలు తగ్గింది. అంతకు ముందు నెలలో పాతది కొన్నవారి సంగతి చెప్పనక్కర్లేదు.

అసలు దెబ్బ ఇంకా ముందుంది. 2025 జులై 24న బ్రిటన్‌తో మన దేశం వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. 2026 జనవరిలో యూరోపియన్ యూనియన్‌తో చర్చలు ముగిశాయని ప్రకటించారు. రెండింట్లోనూ కార్ల మాట ఉంది. ఏటా ఇన్ని బండ్లంటూ కోటా పెట్టి, ఆ కోటాలో వచ్చేవాటి మీద సుంకాన్ని 110 నుంచి దశలవారీగా 10 శాతానికి దించుతారు. మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్, బెంట్లీ బ్రిటన్‌వి. ఫెరారీ, లంబోర్గిని, పోర్షే యూరప్‌వి. మనవాళ్లు మోజుపడే పేర్లు చాలావరకు ఈ రెండు ఒప్పందాల్లోకే వస్తాయి. సుంకం 30 శాతమైతే మన కోటి రూపాయల కారు ఆన్‌రోడ్ ధర రూ.2.15 కోట్లు. 10 శాతమైతే రూ.1.82 కోట్లు. తగ్గినదంతా కంపెనీలు కొనేవారికే వదిలేస్తాయని నేననుకోను, కొంత తమ జేబులో వేసుకుంటాయి. కానీ మూడేళ్ల కిందట మూడున్నర కోట్లు పెట్టిన ఓనరు ‘అన్నా, రెండున్నరకు ఇచ్చేస్తున్న, నీకోసమే’ అన్నప్పుడు ఆ రెండున్నర చవకో కాదో ఈ అంకెలు పక్కన పెట్టుకుని చూడాలి.

పోచంపల్లి లాంటి ఊళ్లో ఈ లెక్కలెవరికి అనుకోవచ్చు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చిన ఊరిది. ఆ భూములిప్పుడు హైదరాబాద్ నీడలోకి వచ్చేశాయి. ఇటు విజయవాడ హైవే, అటు చౌటుప్పల్ మీదుగా గీసిన రీజినల్ రింగ్ రోడ్డు. రోడ్డు పక్క భూమికి కోట్లలో బేరాలు నడుస్తున్నప్పుడు, అమ్మినవారి ఇంట్లో కుర్రాళ్లకు పోర్షే మీద కన్ను పడటంలో వింతలేదు. భూమి అమ్మి కారు కొనొద్దని చెప్పడానికి నేనెవర్ని? కొంటే ఏది కొనాలన్నదే ఇక్కడి సంగతి.

ముందు ఈ సంత ఎంత చిన్నదో చూడాలి. 2024లో దేశమంతా కలిపి కార్లు, ఎస్‌యూవీలు, వ్యాన్లు 43 లక్షల దాకా అమ్ముడయ్యాయి. అదే ఏడాది దేశంలో అమ్ముడైన లంబోర్గినిలు 113. అంతకు ముందు ఏడు 103, ఆ ముందు 92. స్విఫ్టు అమ్మాలంటే సాయంత్రానికి పదిమంది ఫోను చేస్తారు. స్పోర్ట్స్ కారు అమ్మాలంటే కొనగలిగేవాడు ముంబయిలోనో బెంగళూరులోనో ఉంటాడు, ఉన్నా ఆ నెలలో వాడికి ఆ రంగు నచ్చదు. కాబట్టి ‘మార్కెట్ ధర’ అని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి. నలుగురు కొనేవాళ్లలో ఇద్దరు తప్పుకుంటే ఆ ధర మారిపోతుంది.

బీమా కంపెనీల దగ్గర మాత్రం ఒక పట్టిక ఉంది. ఆరు నెలలు దాటి ఏడాది లోపు బండికి 15 శాతం తరుగు, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50. ఐదేళ్లు దాటితే కంపెనీ, ఓనరు కూర్చుని మాట్లాడుకోవడమే. ఆల్టోకైనా ఫెరారీకైనా పట్టిక ఒకటే. థర్డ్ పార్టీ ప్రీమియమూ అంతే, 1500 సీసీ దాటిన ఏ సొంత కారుకైనా 2022 జూన్ రేటు ఏడాదికి రూ.7,897. స్కార్పియోకు అంతే, లంబోర్గినికీ అంతే. చట్టం దృష్టిలో రెండూ రోడ్డు మీద సమానమే. ఓన్ డ్యామేజీ కాలమ్ దగ్గరికి వచ్చేసరికి ఆ సమానత్వం అయిపోతుంది.

ఈ పట్టికను కొలబద్దగా పెట్టుకుంటే ఏ కారు నిలబడుతుందో, ఏది జారుతుందో తెలుస్తుంది. ప్రపంచమంతటా నిలబడే పేరు పోర్షే 911. అందులోనూ టర్బో లేని ఇంజిను ఉన్న జీటీ3. ఇక నిలబడేవి ‘ఆఖరి’ బండ్లు. ఫెరారీలో టర్బో లేని వీ8 ఇంజిను సీటు వెనక పెట్టిన ఆఖరి మోడల్ 458 (2009–2015). లంబోర్గిని హురాకాన్ 2014లో వచ్చి 2024లో ఆగింది, దాని వీ10 ఇంజిను అక్కడితో సరి. తర్వాత వచ్చిన టెమెరారియోది టర్బో వీ8, పైగా హైబ్రిడ్. ఆ వీ10నే పంచుకున్న ఆడి ఆర్8 కూడా 2024లోనే ఆగిపోయింది. నిస్సాన్ జీటీ–ఆర్ మన దగ్గరికి 2016 డిసెంబరులో రూ.1.99 కోట్లకు వచ్చింది, 2025 ఆగస్టులో జపాన్‌లో తయారీ ఆపేశారు. ఆగిపోయిన మోడల్‌తో ఇంకో లాభం ఉంది. రేపు సుంకం తగ్గినా షోరూంలో అదే కారు కొత్తది చవగ్గా దిగి మన బండిని పడగొట్టదు. పోటీ మోడళ్ల ఒత్తిడి ఉంటుంది కానీ నేరుగా తగిలే దెబ్బ తప్పుతుంది.

వేగంగా జారేవి పెద్ద నాలుగు తలుపుల మసెరాటీలు, మామూలు మోడల్ మెక్‌లారెన్‌లు, బెంట్లీలు. ఇవి చెడ్డ బండ్లని కాదు. మొదటి ఓనరు నష్టాన్ని మింగేశాక కొని, పదేళ్లు ఉంచుకునేవాడికి మంచివే. నాలుగేళ్లలో అమ్మేవాడికి కావు.

ఈ సుంకాల గొడవ తక్కువగా ఉండాలనుకుంటే ఇంకో దారి ఉంది. బీఎండబ్ల్యూ ఎం340ఐని 2021 నుంచి చెన్నైలో బిగిస్తున్నారు, అప్పటి ధర రూ.62.90 లక్షలు. సున్నా నుంచి నూరు కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు. విడిభాగాల మీద సుంకం తక్కువ కాబట్టి ఒప్పందాల దెబ్బ దీనికి అంతగా తగలదు. ఊళ్లో జనం గుమిగూడి ఫొటోలు దిగే బండి మాత్రం కాదు. ఆ సరదా కావాలంటే చదవడం ఆపొద్దు.

బండి చూడటానికి వెళ్లినప్పుడు ముందు కింద చూడాలి. రోడ్ల నిబంధనల ప్రకారం స్పీడ్‌బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన ఊళ్లలో పోసేవి వేరు. తారు డబ్బాతో ఒక్క పూటలో పోసిన అడుగున్నర వెడల్పు గడ్డలు, ఎత్తు జానెడు. హురాకాన్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.62 మీటర్లు. పొట్ట కింద ఖాళీ ఆ గడ్డ ఎత్తంత కూడా ఉండదు. ముందు చక్రాలు గడ్డ దిగగానే పొట్ట దాని మీద ఆనుతుంది. ముక్కును నాలుగు సెంటీమీటర్లు పైకెత్తే లిఫ్ట్ బటన్ ఉంటే ముందు భాగం బతుకుతుంది, పొట్టకు అది సాయం చేయదు. అందుకే మన దగ్గర నడిచిన బండిని ర్యాంపు మీద ఎక్కించి, అడుగు పలకల మీద గీతలు, విరిగిన క్లిప్పులు, ముందు బంపరు కార్బన్ అంచు మీద పగుళ్లు టార్చి వేసి చూడాలి. లిఫ్ట్ లేని బండి అయితే బేరంలో కొంత కోసేయొచ్చు, ఎందుకంటే రేపు మీ దగ్గర కొనేవాడూ ఆ మాటే అంటాడు.

పెయింటు మందం కొలిచే మిషన్ కంపెనీ రంగు మీద నూరు మైక్రాన్లకు అటూ ఇటూ చూపిస్తుంది. మూడు, నాలుగు వందలు చూపిస్తే ఆ ముక్కకు మళ్లీ రంగు పడ్డట్టే, కింద పుట్టీ ఉంటే అంకె ఇంకా పెరుగుతుంది. ఇనుముకే పనిచేసే చవక మిషన్ అల్యూమినియం మీద పనికిరాదు. కార్బన్ ఫైబర్ మీద అయితే మామూలు మిషన్లేవీ చెప్పలేవు. టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైంది. ఆరువేల కిలోమీటర్లే తిరిగిన బండికి గాడి నిండుగా ఉన్నా, ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి ఉంటుంది. కార్బన్ సిరామిక్ బ్రేకులుంటే డిస్కు మీద కనీస బరువు చెక్కి ఉంటుంది. అరిగే కొద్దీ బరువు తగ్గుతుంది కాబట్టి విప్పి తూకం వేయించాలి, నాలుగూ మార్చాల్సి వస్తే ఖర్చు లక్షల్లోనే. పోర్షే అయితే ఇంజిను కంప్యూటరు నుంచి ఓవర్‌రెవ్ రిపోర్టు తీయించండి. ఎన్నిసార్లు హద్దు దాటి తిప్పారో అందులో ఉంటుంది. ‘షెడ్డులో పెట్టిన బండి అన్నా, పూజలకే తీసినం’ అనే మాట కంటే ఆ కాగితం నమ్మదగ్గది.

ఇక నడిపినందుకు అయ్యే ఖర్చు. రెండు కోట్లకు కొని మూడేళ్ల తర్వాత రూ.1.60 కోట్లకు అమ్మారనుకోండి. పోయింది రూ.40 లక్షలు. బీమా ఏడాదికి నాలుగు లక్షలు, సర్వీసు, టైర్లు ఐదు లక్షలు అని నేను వేసుకున్న అంచనా ప్రకారం మూడేళ్లకు రూ.27 లక్షలు. అదే రెండు కోట్లు ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏడాదికి రూ.14 లక్షలు, మూడేళ్లకు రూ.42 లక్షలు వచ్చేవి. మొత్తం రూ.1.09 కోట్లు. ఏడాదికి మూడువేల కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు రూ.1,211. పోచంపల్లి నుంచి హైదరాబాద్ 45 కిలోమీటర్లు అనుకుంటే ఒక్క పోకకు రూ.54,500. పదివేల రూపాయల పట్టు ఇక్కత్ చీరలు ఐదు. లైఫ్ ట్యాక్స్ కట్టని వేరే రాష్ట్రం బండిని ఇక్కడికి మార్చుకోవాల్సి వస్తే ఈ లెక్క కూడా తప్పుతుంది.

ఆ కథ పెద్దది. పన్ను తక్కువున్న పుదుచ్చేరి లాంటి చోట్ల రిజిస్ట్రేషన్ చేయించి హైదరాబాద్‌లో తిప్పడం పాత అలవాటు. 2021 ఆగస్టులో తెలంగాణ రవాణా శాఖ అలాంటి 11 ఖరీదైన కార్లను హైదరాబాద్‌లో పట్టుకుంది. చట్టం ప్రకారం బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంటే అక్కడ రిజిస్టరు చేసుకోవాల్సిందే, వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. బయటి నంబరు బండి రూ.20 లక్షలు తక్కువకు వస్తోందంటే ఆ 20 లక్షలు రవాణా శాఖ ఖాతాలో మీ పేరు మీద బాకీగా ఉన్నట్టు.

ఇంతకంటే లోతైన గొయ్యి దిగుమతి కాగితాలు. 2025 మేలో రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్‌ఐ హైదరాబాద్‌కు చెందిన ఒక ఖరీదైన కార్ల వ్యాపారిని గుజరాత్‌లో అరెస్టు చేసింది. ముప్పైకి పైగా కార్ల అసలు ధర తగ్గించి చూపి సుమారు రూ.25 కోట్ల సుంకం ఎగ్గొట్టారన్నది ఆరోపణ. అమెరికా, జపాన్ బండ్లను దుబాయ్, శ్రీలంకల మీదుగా తిప్పి, ఎడమ స్టీరింగును కుడికి మార్పించి తెచ్చారని అధికారులు చెప్పారు. సుంకం బాకీ తర్వాత కొన్నవారి మీద పడదని సుప్రీంకోర్టు ఒక పోర్షే కరేరా కేసులో తేల్చింది. అయితే ఆ బండి చేతులు మారింది 2000ల తొలి ఏళ్లలో, తీర్పు వచ్చింది ఎన్నో ఏళ్లకు. కేసు నడిచినన్నాళ్లూ అలాంటి బండిని ఎవరు కొంటారు? కస్టమ్స్ దిగుమతి పత్రం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించని బండి ఎంత అందంగా ఉన్నా కదలండి. కుడి స్టీరింగు కంపెనీ పెట్టిందా, తర్వాత ఎవరైనా మార్చారా అన్నది ఛాసిస్ నంబరుతో కంపెనీని అడిగితే తెలుస్తుంది.

ఫ్యాన్సీ నంబరుకు విలువ కట్టకండి. 2024 ఆగస్టులో ఖైరతాబాద్‌లో టీజీ 09 9999 రూ.25.5 లక్షలకు పోయింది. ఆ డబ్బు కొన్నవారి సరదా, బండి ధర కాదు. పదిహేనేళ్లు దాటిన పాత మోడల్ మీద మనసుపడితే ఇంకో ఖర్చు ఉంది. దిగుమతి కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రుసుము రూ.40,000, ఇరవై ఏళ్లు దాటితే రూ.80,000.

అమ్మేటప్పుడు డీలరుకు ఇవ్వడానికీ, నేరుగా మరో మనిషికి ఇవ్వడానికీ తేడా ఉంటుంది. రిజిస్టరైన డీలరు తన లాభం మీద 18 శాతం జీఎస్టీ కడతాడు కాబట్టి ఆ మేరకు మీకిచ్చే ధర తగ్గిస్తాడు. మీరే నేరుగా మరో వ్యక్తికి అమ్మితే అది లేదు, ఓపిక మాత్రం కావాలి. సొంత వాడకం కారు లాభానికి అమ్మితే ఆదాయపు పన్ను పడదు, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని ఎక్కడా చూపుకోవడానికీ లేదు. లోను తీరితే ఫారం 35, వేరే రాష్ట్రానికి పోతే ఫారం 28 ఎన్‌ఓసీ, చేతులు మారినందుకు 29, 30. రాష్ట్రంలోనే అయితే 14 రోజులు, బయటికైతే 45 రోజుల గడువు. డబ్బు చేతిలో పడగానే తాళం ఇచ్చేసి ఫారాలు బ్రోకరుకు వదిలేస్తే, ఆర్‌సీలో మీ పేరు ఉన్నంతకాలం ఆ బండి చేసిన ప్రమాదానికి పరిహారం మీ మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 29 మీద సంతకం చేసిన రోజే దాన్ని ఆన్‌లైన్‌లో ఎక్కించి, రసీదు దగ్గర పెట్టుకుని, అప్పుడు తాళం ఇవ్వండి.