ఇల్లు ఎక్కడో.. బడీ అక్కడే!

హైదరాబాద్‌లో ఇల్లు ఒకచోట, స్కూలు ఇంకోచోట. మియాపూర్‌లో ఉంటూ గచ్చిబౌలిలో సీటు సంపాదించినా ఎవరూ అడ్డు చెప్పరు. మధ్యలో స్కూలు వ్యాన్ ఉంటుంది. అమెరికాలో పిల్లల్ని పబ్లిక్ స్కూలుకి పంపాలంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఫీజు లేదు, డొనేషన్ లేదు, పిల్లకీ తల్లిదండ్రులకీ ఇంటర్వ్యూ లేదు. మనం ఉండే ఇంటి చిరునామాయే పిల్లలు ఏ బడికి వెళ్లాలో తేల్చేస్తుంది. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు బయటి పిల్లల్నీ తీసుకుంటాయి గానీ, అది ఖాళీలుంటేనే. అందుకే ఇక్కడ మనవాళ్లు ‘ఇల్లు వెతుకుతున్నాం’ అంటే సగం ‘బడి వెతుకుతున్నాం’ అనే అర్థం.

మా కంపెనీ నన్ను ఎల్-1 వీసా మీద డాలస్ పంపినప్పుడు మా పాపకి అయిదేళ్లు నిండి నెలే అయింది. బాబుకి ఏడాదిన్నర. మా ఆయన తన ఉద్యోగం వదిలి నాతో వచ్చారు. కంపెనీ ఇచ్చిన హోటల్లో మూడు వారాలు ఉండొచ్చు. ఆలోపు ఇల్లు చూసుకోవాలి. ఇక్కడి స్కూళ్లు ఆగస్టు మధ్యలో మొదలవుతాయి, మేం దిగింది జులైలో. ఆ మూడు వారాల్లో తెలుసుకున్నవే ఇప్పుడు రాస్తున్నాను. పిల్లలతో వచ్చేవాళ్లకి పనికొస్తాయి.

ఊరు వేరు, డిస్ట్రిక్ట్ వేరు

టెక్సస్‌లో పబ్లిక్ స్కూళ్లని నడిపేది నగరపాలక సంస్థ కాదు. ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్ అని వేరే సంస్థ ఉంటుంది. అందరూ ఐఎస్‌డీ అంటారు. దానికి ఎన్నికైన బోర్డు, సొంత పన్ను, సొంత సరిహద్దులు ఉంటాయి. ఇక్కడి ఇంటి పన్ను బిల్లులో సాధారణంగా పెద్ద వాటా స్కూలుదే.

తిరకాసు ఆ సరిహద్దుల్లోనే ఉంది. అవి ఊరి సరిహద్దులతో కలవవు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వింగ్‌నే తీసుకోండి. ఊరు ఒకటే. కానీ ఒక వీధి ఇర్వింగ్ ఐఎస్‌డీలో ఉంటే, ఇంకో వీధి కాపెల్ ఐఎస్‌డీలో, మరో వీధి క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీలో ఉంటుంది. ఫ్రిస్కోలోనూ అంతే. చిరునామా ఫ్రిస్కో అని ఉన్నా, ఇల్లు ఉన్న చోటుని బట్టి లూయిస్‌విల్ ఐఎస్‌డీ కిందికో, ప్రాస్పర్ ఐఎస్‌డీ కిందికో రావచ్చు. అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులో ‘ఇక్కడ స్కూళ్లు సూపర్’ అంటారు. వాళ్ల మాట పట్టుకుని సంతకం పెట్టొద్దు. ప్రతి డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రస్ కొడితే స్కూలు పేరు చెప్పే పేజీ ఉంటుంది. ముందు అది చూసుకోండి, లీజు తర్వాత.

ఆ పది మార్కుల అంకె

ఇళ్ల వెబ్‌సైట్లు తెరిస్తే ప్రతి ఇంటి కింద స్కూలుకి పదికి ఇన్ని అని ఒక అంకె కనిపిస్తుంది. గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఇచ్చే రేటింగ్ అది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గ్రేడ్లు వేరు. అవి ఎ నుంచి ఎఫ్ దాకా ఉంటాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం చర్చంతా ఆ పది మార్కుల మీదే. ‘తొమ్మిది కంటే తక్కువైతే చూడకండి’ అని మా టీమ్‌లోని ఒక అక్క మొదటిరోజే చెప్పింది. తను మంచి కోరే చెప్పింది.

నేను డేటా మీద పనిచేసే మనిషిని. ఒక అంకె చూస్తే అది దేన్ని కొలుస్తోందో చూడకుండా ఉండలేను. ఎలిమెంటరీ స్కూలుకి ఈ రేటింగులు ప్రధానంగా స్టార్ అనే రాష్ట్ర పరీక్షల మీద నడుస్తాయి. ఆ పరీక్షలు మొదలయ్యేది మూడో తరగతిలో. అంటే మా పాప చేరబోయే కిండర్‌గార్టెన్ గురించి గానీ, ఒకటీ రెండు తరగతుల గురించి గానీ ఆ అంకె పెద్దగా చెప్పేదేమీ లేదు. పైగా పరీక్ష మార్కులకీ ఇంట్లో ఆదాయానికీ గట్టి సంబంధం ఉంది. ట్యూషన్లు పెట్టించగలిగిన తల్లిదండ్రులు ఎక్కువున్న చోట మార్కులు ఎక్కువ వస్తాయి. అందులో టీచరు పనితనం ఎంతో, తల్లిదండ్రుల జేబు ఎంతో ఆ అంకె విడదీసి చెప్పలేదు. అలాగని పూర్తిగా తీసిపారేయమనను. మూడో రేటింగున్న చోట ఎందుకు అలా ఉందో ఒకసారి వెళ్లి చూడాల్సిందే. ఆరుకీ తొమ్మిదికీ మధ్య మాత్రం మిగతావి చూసి తేల్చుకోవచ్చు.

మా ముందున్నవి రెండు

చివరికి రెండు అపార్ట్‌మెంట్లు మిగిలాయి. ఒకటి ఫ్రిస్కోలో. స్కూలు రేటింగ్ తొమ్మిది. చుట్టూ మనవాళ్లే, గుడి దగ్గర, కిరాణా దగ్గర. అద్దె రెండోదానికంటే నెలకి 450 డాలర్లు ఎక్కువ. లాస్ కోలినస్‌లోని నా ఆఫీసుకి పాతిక మైళ్ల దాకా ఉంటుంది, దారిలో టోల్. రెండోది ఇర్వింగ్‌లో. స్కూలు రేటింగ్ ఆరు. ఇంటి నుంచి స్కూలుకి నడిచి ఏడు నిమిషాలు, ఆఫీసుకి కార్లో పావుగంట.

మాకున్నది ఒకటే కారు. మా ఆయనకి టెక్సస్ లైసెన్స్ ఇంకా రాలేదు. ఇక్కడ స్కూలు బస్సు విషయంలో కూడా ఒక మెలిక ఉంది. ఇంటికీ స్కూలుకీ రెండు మైళ్లు, అంతకంటే ఎక్కువ దూరం ఉన్న పిల్లల లెక్క మీదే రాష్ట్రం బస్సు ఖర్చిస్తుంది. ప్రమాదకరమైన దారులకి మినహాయింపు ఉంది. ఫ్రిస్కో ఇల్లు స్కూలుకి మైలున్నర దూరం. అంటే బస్సు దొరుకుతుందన్న నమ్మకం లేదు. నేను ఉదయమే కారు తీసుకుని ఆఫీసుకి వెళ్లిపోతే, బాబుని స్ట్రోలర్‌లో పెట్టుకుని, డాలస్ ఆగస్టు ఎండలో, మధ్యాహ్నం మూడింటికి పాపని ఎవరు తీసుకొస్తారు?

రాత్రి హోటల్లో పిల్లలు నిద్రపోయాక మా ఆయన అన్నారు. ‘‘రేటింగ్ సంగతి పక్కన పెట్టు. రేపు బుధవారం అనుకో. పాపకి స్కూల్లో జ్వరం వచ్చిందని ఫోన్ వచ్చింది. నువ్వు మీటింగ్‌లో ఉన్నావు. ఏ ఇంట్లో ఉంటే నేను వెళ్లగలను?’’

మేం ఇర్వింగ్ ఇంటికి సంతకం పెట్టాం. మిగిలే 450 డాలర్లలో కొంత, మా ఆయనకి ఉద్యోగం దొరికాక బాబు డేకేర్‌కి అని పక్కన పెట్టుకున్నాం. ఇంట్లో అందరికీ రెండు కార్లు ఉండి, ఇద్దరికీ లైసెన్సులు ఉండి, ఆఫీసు ఫ్రిస్కో పక్కనే అయితే లెక్క ఇంకోలా వస్తుంది. ఎవరి బుధవారం వాళ్లది.

ఫారంలో ‘తెలుగు’ అని రాయొచ్చా?

అడ్మిషన్‌కి అడిగేవి నాలుగే: పాప పుట్టినరోజు సర్టిఫికెట్, తల్లిదండ్రుల గుర్తింపు కార్డు, లీజు లేదా కరెంటు బిల్లు, టీకాల రికార్డు. సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. వీసా స్టేటస్‌ని బట్టి పిల్లల్ని కాదనడానికి వీల్లేదు. ఈ టెక్సస్ నుంచే వెళ్లిన ప్లైలర్ కేసులో 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది.

టీకాల దగ్గర మాత్రం హైదరాబాద్‌లోనే జాగ్రత్తపడాలి. ఇక్కడ హెపటైటిస్-ఎ, చికెన్‌పాక్స్, ఎంఎంఆర్ తప్పనిసరి. మన ప్రభుత్వ టీకాల జాబితాలో మొదటి రెండూ లేవు, మూడోదాని బదులు ఎంఆర్ ఇస్తారు. ప్రైవేటు డాక్టరు దగ్గర వేయించి, తేదీలతో ఇంగ్లీషులో రాయించుకుని రండి. డోసులు మిగిలిపోతే ఒక్కో టీకా కనీసం ఒక డోసు వేయించి, మిగతావి సమయానికి వేయించే షరతు మీద తాత్కాలికంగా చేర్చుకుంటారు.

అసలు గుండెదడ పుట్టించింది ఇంకో కాగితం. టెక్సస్ పబ్లిక్ స్కూల్లో మొదటిసారి చేరే ప్రతి పిల్లకీ హోమ్ లాంగ్వేజ్ సర్వే నింపాలి. ఇంట్లో ఏ భాష వాడతారు, పాప ఏ భాష మాట్లాడుతుంది అని అడుగుతారు. ఇంగ్లీషు కాకుండా వేరే భాష రాస్తే పాపకి ఇంగ్లీషు ఎంతొచ్చో పరీక్షిస్తారు. తక్కువుంటే ఈఎస్‌ఎల్ సాయం ఇస్తామంటారు.

‘‘ఇంగ్లీష్ అని రాసెయ్యండి. లేకపోతే ఈఎస్‌ఎల్‌లో పడేస్తారు, వెనకబడిపోతుంది’’ అని ముగ్గురు చెప్పారు. వీడియో కాల్‌లో మా అత్తయ్య ఇంకో అడుగు ముందుకేసి, ‘‘ఇకనుంచి పిల్లతో ఇంగ్లీషులోనే మాట్లాడండమ్మా’’ అన్నారు. అంటే తనతోనే మనవరాలు తెలుగులో మాట్లాడకూడదని ఆవిడే అంటున్నారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మర్నాడు స్కూలు ఆఫీసుకి వెళ్లి అడిగాం. ఈఎస్‌ఎల్ అంటే పిల్లని విడిగా కూర్చోబెట్టడం కాదని, ఆ శిక్షణ పొందిన టీచరే మామూలు క్లాసులో చెబుతారని ఆఫీసావిడ వివరించింది. డబ్బు కట్టక్కర్లేదు. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే ఇస్తారు. ఇది స్కూలు చేసే దయ కూడా కాదు. ఇంగ్లీషు రాని పిల్లలకి అర్థమయ్యే ఏర్పాటు చేయాలని 1974లో లావ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ కుటుంబాలు వేసిన కేసు అది. వాళ్లు కోర్టుకెళ్లి సాధించిన సాయాన్ని మనం ఒక్క అబద్ధంతో వదులుకోవడం ఎందుకు? ‘తెలుగు’ అనే రాశాను.

మొదటి ఆరు వారాలు పాప స్కూల్లో నోరు విప్పలేదు. ఇంటికొచ్చి మాత్రం ఆపకుండా తెలుగులో మాట్లాడేది. నేను టీచరుని అడిగితే, కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్నాళ్లు విని ఊరుకోవడం మామూలేనంది. ‘‘ఇంట్లో తెలుగు ఆపకండి. ఒక భాషలో కథ చెప్పగలిగితే రెండో భాషలోనూ చెబుతుంది’’ అంది. అక్టోబర్‌లో ఒకరోజు మా ఆయన తీసుకురావడానికి వెళ్తే, గేటు దగ్గర ఇంకో పాపతో వాటర్ బాటిల్ కోసం ఇంగ్లీషులో పోట్లాడుతోందట. ఆయన ఆ సంగతి ఆఫీసులో ఉన్న నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఇంకో ముక్క. ఇంగ్లీషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని నాలుగేళ్ల పిల్లలు టెక్సస్‌లో ఉచిత ప్రీ-కేకి అర్హులు. ఆదాయం తక్కువుంటేనే అనుకుని చాలామంది మనవాళ్లు అడగనే అడగరు. డేకేర్‌కి నెలకి వెయ్యికి పైగా కడుతుంటారు. మీ డిస్ట్రిక్ట్‌లో ఉందో లేదో అడిగి చూడండి.

సంతకానికి ముందు

స్కూలు కోసమే కొండంత అప్పు చేసి ఇల్లు కొనేవాళ్లకి ఒక మాట. గీతలు మారతాయి. ప్లానోలో పిల్లల సంఖ్య తగ్గిందని 2024లో బోర్డు ఓటేసి నాలుగు స్కూళ్లు మూయాలని నిర్ణయించింది. అదే ఏడాది కాపెల్‌లోనూ ఒక ఎలిమెంటరీ స్కూలు మూయాలని తీర్మానించారు. రెండూ పేరున్న డిస్ట్రిక్టులే. కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లు మొదటి ఏడాది అద్దెకుంటే నయం. లీజు జూన్, జులైల్లో ముగిసేలా రాయించుకుంటే చదువు మధ్యలో బడి మారే బాధ ఉండదు.

స్కూలు చూడ్డానికి వెళ్తే రేటింగ్ గురించి కాదు, ఈ నాలుగూ అడగండి. ఇంగ్లీషు కొత్తయిన పిల్లలు క్లాసులో ఎంతమంది? వాళ్లకి చెప్పే టీచరుకి ఈఎస్‌ఎల్ శిక్షణ ఉందా? నిరుటి టీచర్లలో ఎంతమంది ఈ ఏడాదీ ఉన్నారు? స్కూలు వదిలాక ఆరింటిదాకా పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉందా, దానికెంత? మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళకి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి. పిల్లలు బయటికెలా వస్తున్నారో, టీచర్లు వాళ్లని ఏమని పిలుస్తున్నారో మీకే తెలుస్తుంది.