చెట్ల కోసం తట్టాపారా దించేశారు!

ఇళ్లు కడితేనే వాళ్లకు కూలి. కూలి వస్తేనే పొయ్యి వెలిగేది. అలాంటి కార్మికులే ‘ఇక్కడ మేం కట్టం’ అని భీష్మించారు. కారణం... చెట్లు!

1971. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరం. హంటర్స్‌ హిల్‌ అనే కలిగినవాళ్ల పేట. అక్కడ నది ఒడ్డున కెల్లీస్‌ బుష్‌ అనే చిన్న అడవి. దాన్ని కొట్టేసి ఖరీదైన ఇళ్లు కట్టేందుకు ఓ సంస్థ సిద్ధమైంది. పేటలోని 13 మంది మహిళలు నడుం బిగించారు. నాయకుల్ని కలిశారు, వినతిపత్రాలిచ్చారు. ఫలితం లేదు. ఆఖరికి ఎన్నడూ తొక్కని గడప తొక్కారు. అది భవన నిర్మాణ కార్మిక సంఘం ఆఫీసు. దాని కార్యదర్శి జాక్‌ మండే కమ్యూనిస్టు.

డబ్బున్నవాళ్ల పేటలో చెట్ల కోసం కూలీలు పని పోగొట్టుకోవాలా? ఎవరికైనా వచ్చే సందేహమే. మండే ఆలోచన వేరు. జీతం పెరిగినా, పీల్చే గాలీ పిల్లలు ఆడుకునే చోటూ లేని ఊళ్లో బతికితే ఏం లాభమన్నది ఆయన వాదన. అయితే సంఘం ఓ షరతు పెట్టింది... ఊరంతా కోరుతోందని ముందు చూపించండి! సభ పెడితే 600 మంది వచ్చారు. అంతే, పని బంద్‌!

సంఘంలో లేని కూలీలతో కట్టిస్తామంది సంస్థ. అదే సంస్థకు నగరంలో మరోచోట పెద్ద భవనం లేస్తోంది. ‘కెల్లీస్‌ బుష్‌లో ఒక్క చెట్టు కూలినా ఈ భవనం శాశ్వతంగా సగంలోనే ఉండిపోతుంది’ అని అక్కడి కార్మికులు తీర్మానించారు. సంస్థ వెనక్కి తగ్గింది.

అలా మొదలైన ‘గ్రీన్‌ బ్యాన్‌’లు మూడు నాలుగేళ్లలోనే 40 దాకా పెరిగాయి. బొటానిక్‌ గార్డెన్స్‌ దగ్గరి చెట్లు మిగిలాయి. ద రాక్స్‌, వులుమూలు పేటల్లో సామాన్యుల ఇళ్లు నిలిచాయి. చెట్టును కాపాడిన చేతులే పేదల గూటికీ అడ్డు నిలిచాయన్నమాట.

ఇందుకు మూల్యమూ చెల్లించారు. 1973లో ద రాక్స్‌లో కూల్చివేతల్ని అడ్డుకుంటూ మండే అరెస్టయ్యారు. 1975 నాటికి జాతీయ నాయకత్వం రాష్ట్ర సంఘాన్ని చేజిక్కించుకుని, మండేనూ సహచరుల్నీ బయటికి పంపేసింది.

కానీ వేసిన విత్తనం మొలకెత్తింది. 1977లో ఆ రాష్ట్రంలో వారసత్వ కట్టడాల రక్షణకు చట్టమొచ్చింది. 1983లో కెల్లీస్‌ బుష్‌ ప్రజల పరమైంది. జర్మనీ నాయకురాలు పెట్రా కెల్లీ ఈ ఉద్యమాన్ని చూసే ‘గ్రీన్‌’ అన్న మాటను తమ రాజకీయాల్లోకి తీసుకెళ్లారని ఆస్ట్రేలియా గ్రీన్స్‌ మాజీ నేత బాబ్‌ బ్రౌన్‌ చెబుతుంటారు.

మండే 2020లో కన్నుమూశారు. అంతకు చాలా ముందే, 2007లో, ద రాక్స్‌లోని ఓ వీధి భాగానికి ‘జాక్‌ మండే ప్లేస్‌’ అని పేరు పెట్టారు. ఒకప్పుడు పోలీసులు ఆయన్ని అరెస్టు చేసింది ఆ పేటలోనే!