అమ్మ మోకాలు, జాన్ ఫోలీ సైకిల్

మొన్న మినీ ప్రాజెక్ట్‌కి టాపిక్ వెతుకుతుంటే పెలోటన్ అనే అమెరికా కంపెనీ గురించి చదివాను. ఇంట్లో ఒకేచోట నిలబడి ఉండే సైకిల్, దానికి ఒక స్క్రీన్, ఆ స్క్రీన్‌లో లైవ్‌గా క్లాస్ చెప్పే కోచ్. వస్తువు ఇంతే. నాకు వస్తువు కన్నా అది పుట్టిన కారణం నచ్చింది.

జాన్ ఫోలీ, ఆయన భార్య జిల్ న్యూయార్క్‌లో ఉండేవారు. ఇద్దరికీ స్టూడియోకి వెళ్లి అందరితో కలిసి సైక్లింగ్ క్లాసులు చెయ్యడం ఇష్టం. ఇద్దరు పిల్లలు పుట్టాక, ఉద్యోగంతో పాటు అది కుదరడం మానేసింది. క్లాసే ఇంటికి వస్తే బాగుంటుంది కదా అనుకుని, 2012లో ఇంకో నలుగురితో కలిసి ఫోలీ కంపెనీ పెట్టాడు. 2013లో కిక్‌స్టార్టర్ ద్వారా మామూలు జనం దగ్గర 3 లక్షల డాలర్ల పైచిలుకు పోగైంది.

ఇది ఎలా పనిచేస్తుంది? సైకిల్‌లో ఒక బరువైన లోహపు చక్రం, దాని పక్కన అయస్కాంతాలు ఉంటాయి. నాబ్ తిప్పితే అయస్కాంతాలు చక్రానికి దగ్గరవుతాయి. తిరిగే లోహంలో ఎడ్డీ కరెంట్లు పుట్టి చక్రాన్ని వెనక్కి లాగుతాయి. మన ఇంటర్ ఫిజిక్సే! పెడల్ ఎంత స్పీడుగా తిరుగుతోంది, బిగువు ఎంత ఉంది అనే రెండు లెక్కల నుంచి మన శక్తి ఎన్ని వాట్లో తేలుతుంది. అదే క్లాసులో ఉన్న మిగతావాళ్ల అంకెల పక్కన లీడర్‌బోర్డ్‌లో మన అంకె కూడా కనిపిస్తుంది. అంటే ఇంటికి వచ్చింది సైకిల్ ఒక్కటే కాదు, పక్కన తొక్కేవాళ్లు కూడా.

2020లో లాక్‌డౌన్ రావడంతో అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. కానీ 2021లో ఇదే కంపెనీ ట్రెడ్‌మిల్, ట్రెడ్ ప్లస్ కింద ఇరుక్కుని ఒక చిన్నారి ప్రాణం పోయింది. వాడకండని ఏప్రిల్‌లో ప్రభుత్వ భద్రతా సంస్థ హెచ్చరిస్తే కంపెనీ మొదట ఒప్పుకోలేదు. మే నెలలో సుమారు 1,25,000 మెషిన్లు వెనక్కి తీసుకుంటూ, ముందు తప్పుగా స్పందించామని ఫోలీ ఒప్పుకున్నాడు. 2022 ఫిబ్రవరిలో సీఈఓ పదవి వదిలేశాడు. పిల్లలున్న ఇంటి కోసం మొదలైన కంపెనీకే పిల్లలున్న ఇల్లు ఎలా ఉంటుందో పూర్తిగా కనపడలేదు. ఇది చదివాక చాలాసేపు వేరే పని చెయ్యలేకపోయాను.

మా అమ్మకి షుగర్. డాక్టర్ రోజూ నడవమన్నారు. రాజమండ్రిలో గోదావరి గట్టు మా ఇంటికి పెద్ద దూరమేం కాదు. కానీ పొద్దున్న టిఫిన్లు, క్యారేజీలు, సాయంత్రం మళ్లీ వంట. ఫోలీ సమస్యే ఇది, కాకపోతే మా ఇంట్లో అంత ఖరీదైన సైకిల్ కొనే ప్రశ్నే లేదు. ఫోన్ మాత్రం ఉంది.

అందుకని గూగుల్ వాళ్ల మీడియాపైప్ తీసుకున్నాను. కెమెరాలో మనిషిని చూసి ఒంటి మీద 33 పాయింట్లు గుర్తిస్తుంది. తుంటి, మోకాలు, చీలమండ, ఈ మూడు పాయింట్ల మధ్య కోణం లెక్కేస్తే కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారో తెలుస్తుంది. హాస్టల్లో ఫ్రెండ్స్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంటికెళ్లి అమ్మ ముందు పెడితే పదిసార్లు లేస్తే నాలుగే లెక్కపెట్టింది. కారణం చీర! మోకాలు కనపడక మోడల్ ఊహించుకుంటోంది. ప్రతి పాయింట్‌కి అది ఎంత స్పష్టంగా కనపడుతోందో చెప్పే ఒక స్కోర్ కూడా వస్తుంది. నేను దాన్ని అసలు చూడనేలేదు.

"మోకాలు కనపడాలంటే చీర ఎగ్గట్టుకోమంటావేంట్రా?" అని అమ్మ నవ్వింది. నాకు మాత్రం ట్రెడ్‌మిల్ గుర్తొచ్చింది. అమ్మ కోసమే చేశాననుకున్నాను, చేసింది మాత్రం షార్ట్స్ వేసుకున్న మా ఫ్రెండ్స్ కోసం.

ఇప్పుడు మోకాలి కోణం తీసేసి భుజాల ఎత్తు చూస్తున్నాను. లేస్తే భుజాలు పైకి, కూర్చుంటే కిందకి. చీర అడ్డం రాదు. ఇంకో మార్పు అమ్మే చెప్పింది: "ఒక్కదాన్నీ చెయ్యలేను, తణుకులో పిన్నిని కూడా కలుపు." ఇప్పుడు మధ్యాహ్నం అంట్లు అయ్యాక ఇద్దరూ వీడియో కాల్‌లో చేస్తున్నారు. నా యాప్ లెక్క పెడుతుంది, అంతే. పిన్ని తప్పు లెక్క చెప్తే అమ్మ మాత్రం ఊరుకోదు.